లారీకి కప్పిన బొంత

దుల్మా ఆ పని చేసేటప్పుడు ఎవరూ చూడలేదు, ఒక్క ఆకాశం తప్ప. ఆకాశాన్ని కూడా ఆమె వదిలిపెట్టలేదు. ఉంగరపు వేలు డబ్బాలో ముంచి పైకి చిలకరించి, దాని వాటా దానికిచ్చి, అప్పుడు మిగతాదంతా రేడియేటర్‌లో పోసింది.

గని దగ్గర బొగ్గు నింపుకుని బయటికొచ్చీ రాగానే కింది రబ్బరు గొట్టం పగిలి, ఇంజన్ని చల్లబరిచే, చలికి గడ్డకట్టని కూలెంట్ సగం మంచులో పోయింది. మొగుడు సంబూ లారీ కింద వెల్లకిలా పడుకుని కొత్త గొట్టం తొడిగి, పట్టీ బిగిస్తూ కేకేశాడు.

"దుల్మా! పక్కపెట్టెలో డబ్బా ఉంది చూడు. పొయ్యి. అంచు దాకా పొయ్యి."

పక్కపెట్టెలో తెల్ల డబ్బాలు రెండున్నాయి. ఒకదాంట్లో కూలెంట్. రెండోదాంట్లో ఆమె తండ్రి పులిసిన పెరుగు కాచి దించిన పాలసారా. కిందటి వారం దారిలో ఆయన గుడారం దగ్గర ఆగినప్పుడు రెండు చేతులతో అందించాడు. పెద్దాయన రెండు చేతులతో ఇచ్చినదాన్ని వద్దనకూడదు. పాలనుంచి పుట్టినదాన్ని నేలమీద పారబొయ్యకూడదు. తోటి డ్రైవర్లకు పంచుదామంటే, బండి తోలేవాళ్ళకు సారా పోసిన ఆడదాన్ని ఆ దారిలో ఎవరూ క్షమించరు. పోనీ అలాగే ఉంచుదామంటే, సంబూ తాగుడు మానేసింది మొన్నటి ఆకురాలే కాలంలో. మానేసిన మనిషి పడుకునే చోటికి చెయ్యి చాపేంత దూరంలో డబ్బాడు సారా ఉండటం ఆమెకు వారం రోజులుగా కంటిమీద కునుకు లేకుండా చేస్తోంది.

సారా గడ్డకట్టదు కదా అనుకుంది. అందరూ అనే మాటే అది. వీళ్ళ గుంపులోనే ఉన్న జుందుయ్ ఒక వోడ్కా సీసాను అద్దం బయట వేలాడదీసి, సరిహద్దు దాటాక తాగుతానని చలికాలమంతా తిప్పుతాడు. అది ఏనాడూ గడ్డకట్టలేదు. దుల్మా జన్మలో సారా నోట పెట్టింది లేదు. కనుక సారాల్లో రకాలుంటాయనీ, తన తండ్రి కాచేది ముసలమ్మలు సైతం గిన్నెలకు గిన్నెలు తాగి నవ్వుకుంటూ ఇంటికి నడిచిపోయేంత పలచటిదనీ ఆమెకు తెలియదు. వృథా పోకుండా పనికొచ్చింది, నేలపాలు కాలేదు, మొగుడి కంట పడదు. మూత బిగించి కిందికి దిగేసరికి ఆమెకు ప్రాణం తేలికపడింది.

కూలెంట్ డబ్బాను ఎండుపేడ బస్తాల కింద దాచింది. ఖాళీ డబ్బాను స్టెపినీ టైరు వెనక దోపింది.

"పోశావా?" అన్నాడు సంబూ, కిందనుంచి పాక్కుంటూ వచ్చి. కనురెప్పల మీద మంచు, ముక్కు మీద గ్రీజు.

"అంచు దాకా," అంది దుల్మా.

*

మర్నాడు పొద్దున ఎదురుగాలి మొదలైంది. గోబీ ఎడారిలో చలికి అలవాటు పడొచ్చు గానీ గాలికి ఎవరూ అలవాటు పడరు. బొగ్గుపొడి రాలి నల్లబడ్డ మంచు మధ్యన లారీలు ఒకదాని వెనక ఒకటి దక్షిణంగా పోతున్నాయి. గొంబో బండి ముందు, జుందుయ్‌ది మధ్య, సంబూది చివర. గొంబో ఈ చిన్న గుంపుకి పెద్ద. లారీల యజమాని పట్నంలో కూర్చుంటాడు. ఏ బండి ఎవరి చేతిలో ఉండాలన్నది గొంబో మాట మీద నడుస్తుంది. ఒక బండి ఆగితే మిగతావి ఆగాల్సిందే. ఆ చలిలో మనిషిని వెనక వదిలి పోవడమన్నది ఆ దారిలో ఎరగరు.

"ఏమయ్యా, ఇంజన్ వేడి చూపే ఆ ముల్లు చూశావా?" అంది దుల్మా.

"చూశా. మీటరు చెడిందేమో."

"మీటరు చెడితే పొగెందుకొస్తుంది?"

సంబూ బండి పక్కకు తీశాడు. ముందు పోతున్న రెండూ కూడా ఆగాయి. జుందుయ్ చెవుల టోపీ లాక్కుంటూ పరుగెత్తుకొచ్చాడు. గొంబో తీరిగ్గా నడిచొచ్చాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, వంగుని రేడియేటర్ వైపు చూసి, ఆశ్చర్యపోవడం తన హోదాకు తగదన్నట్టు కాసేపు ఊరుకున్నాడు.

"ఉమ్మితే నేలమీద పడేలోపు గడ్డకడుతోంది. ఈ చలిలో ఇంజన్ కాగడమేంట్రా?"

"ఈ బొంత చూడన్నా," అన్నాడు జుందుయ్. "పెళ్ళికూతురికి కప్పినట్టు కప్పింది వదిన. ఉక్కపోతతో చస్తోంది పాపం."

లారీ ముందు భాగానికి దుల్మా కుట్టిన బొంత అది. లోపల ఒంటె బొచ్చు, పైన పాత తెర గుడ్డ. దానిమీద ఎర్ర పువ్వులు కూడా ఉండటంతో దారిపొడుగునా నలుగురూ నవ్వేవారు. నవ్వినవాళ్ళే ఇంటికి పోయి పెళ్ళాలతో అలాంటివి కుట్టించుకునేవారు. సంబూ తాళ్ళు విప్పి బొంత తీసేశాడు.

"నీళ్ళు గానీ కలిపావా?" అనడిగాడు గొంబో.

"నాకామాత్రం తెలీదా అన్నా? డబ్బాడు అసలైన కూలెంట్ పోయించా. నీళ్ళ చుక్క కలిస్తే ఒట్టు."

దుల్మా నోరు తెరిచి, మళ్ళీ మూసింది. నీళ్ళు కాదు కదా మరి. అడిగింది నీళ్ళ గురించే గనక, సంబూ చెప్పింది నిజమేనని తనకు తాను చెప్పుకుంది.

"నీళ్ళు లేకపోతే లోపల గడ్డకట్టే ప్రశ్నే లేదు," అని గొంబో తేల్చేశాడు. "థర్మోస్టాట్ పట్టేసుంటుంది. ఊడదీయండి."

ఊడదీయడం అంటే మాటలు కాదు. చేతితొడుగులు ఉంటే బోల్టు చిక్కదు, తీస్తే చర్మం ఇనుముకి అంటుకుంటుంది. విప్పిన బోల్టులను దుల్మా చంకలో పెట్టుకుని వెచ్చగా ఉంచింది. నోట్లో పెట్టుకుని పెదవి ఊడగొట్టుకున్న వాళ్ళ కథలు ఆ దారిలో చాలా ఉన్నాయి. జుందుయ్ పానా తిప్పుతూ, ప్రతి బోల్టుకీ దాన్ని బిగించినవాడి అమ్మమ్మను తలుచుకున్నాడు. రేడియేటర్‌కి దారి తెరిచి మూసే ఆ థర్మోస్టాట్ బయటికొచ్చింది. చూడటానికి బాగానే ఉంది. అయినా దాన్ని మంచులో విసిరేశారు, అనుమానం అనుమానమే గనక.

గుడ్డముక్క కోసం గొంబో క్యాబిన్ తలుపు తీసి లోపలికి వంగాడు. హీటరు గాలి మొహానికి కొట్టింది. ఆయన అలాగే ఆగిపోయాడు. ఒకసారి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. వెనక్కి తిరిగి సంబూ వైపు చూశాడు.

ఆ వాసన దుల్మాకి కూడా తగిలింది. సారా వాసన. బిగించిన మూతలోంచి వాసన రాదనుకుంది గనక, ఆమె చూపు మొగుడి మీదికి పోయింది. సంబూ అప్పుడే ఆమె మొహంలోకి చూసి, పట్టుబడ్డవాడిలా కళ్ళు దించుకున్నాడు.

గొంబో గుడ్డ తీసుకుని తలుపు మెల్లగా వేశాడు. గొంబో తిట్టకపోతేనే భయం అని గుంపులో అందరికీ తెలుసు.

*

సాయంత్రానికి దారి పక్కన ఉన్న హోటల్ ఆవరణకి చేరారు. సగం దూరం ఆగుతూ, కాగుతూ వచ్చారు. ఆవరణలో గోడ చాటున గాలి లేదు. చలికాలంలో ఇంజన్ ఆపరు కనుక, రాత్రికి చల్లబడి పోకుండా దుల్మా బొంత మళ్ళీ కట్టింది. తెల్లవారి చూస్తే ముల్లు ఎక్కడుండాలో అక్కడుంది. ఏ రోగమూ లేనట్టు బండి బుద్ధిగా గురకపెడుతోంది.

ఆమె లేచేసరికి సంబూ క్యాబిన్‌లోని చిన్న పొయ్యి ముందు కూర్చుని గిన్నెలో ఏదో తిప్పుతున్నాడు. సన్నగా తరిగిన మాంసం, అందులో చేత్తో నలిపి వేసిన పిండి పలుకులు. బంతన్. ముందురోజు రాత్రి తాగినవాళ్ళు పొద్దున్నే కోరి కాయించుకునే గంజి అది.

దుల్మా గిన్నెవైపు చూసి, మొగుడి వైపు చూసింది. ఎందుకు చేశావని అడగలేకపోయింది. అడిగితే అబద్ధం చెబుతాడేమోనని భయం, నిజం చెబుతాడేమోనని ఇంకా పెద్ద భయం.

"తాగు. వేడిగా ఉంది," అని ముందు ఆమె గిన్నె నింపాడు.

"నాకెందుకు?"

"తాగు మరి. తల తేలిగ్గా ఉంటుంది."

తను తాగుతూ నాకు కూడా పోసి కప్పిపుచ్చుకుంటున్నాడు అనుకుంది. తాగిన మగాడికి మర్నాడు పొద్దున ఎక్కడలేని మంచితనం వస్తుందని ఆమెకు అనుభవమే. ఆ పొద్దున సంబూ మంచితనానికి అంతులేదు. ఆమె భుజాల చుట్టూ దుప్పటి కప్పాడు. కిందికి దిగనివ్వకుండా టైర్లు తనే తట్టి చూసొచ్చాడు. ఆఖరికి స్టీరింగ్ దగ్గర తన వంతు వచ్చిందని ఆమె జరగబోతే, అడ్డం కూర్చున్నాడు.

"ఇవాళ నేనే తోల్తాలే. నువ్వు పడుకో."

"ఎందుకు పడుకోవాలి? ఆ తిన్నటి దారంటే నాకెంత ఇష్టమో నీకు తెలీదూ?"

"తెలుసు. ఇవాళొద్దు."

ఆ తిన్నటి దారి కోసమే ఆమె బొగ్గులో పడి తిరుగుతోంది. ఎడమన కొండలు, కుడిన ఏమీ లేదు, చేతిలో స్టీరింగ్. ఆ వంతు ఎన్నడూ వదులుకోలేదు. తను తాగి తోలుతూ, తాగని దానికి ఇవ్వడా? ఉక్రోషం ముంచుకొచ్చింది.

అతను హోటల్‌లో వేడినీళ్ళు తేవడానికి వెళ్ళగానే గొళ్ళానికి వేలాడుతున్న అతని రెండో కోటు దింపింది. జేబులు వెతికింది. లోపలి జేబు, పక్క జేబు, లైనింగ్ చిరుగు. ఏమీ లేదు. విడిగా పెట్టిన బూట్లలో చెయ్యి పెట్టి చూసింది. తలెత్తేసరికి అద్దం బయట సంబూ నిలబడి ఉన్నాడు, చేతిలో ఫ్లాస్కు. చూశాడో లేదో తెలియలేదు. గబుక్కున కోటు గొళ్ళానికి తగిలించి, దుమ్ము దులుపుతున్నట్టు నటించింది.

మధ్యాహ్నం మళ్ళీ వీలు చూసుకుని పక్క జేబు తడిమింది. ఈసారి ఒక మిఠాయి బిళ్ళ తగిలింది. బంగారు కాగితం చుట్టిన, లోపల పాకం ఉండే రకం, ఆమెకు ఇష్టమైనది. నోటి వాసన పోవడానికి కొనుక్కున్నాడన్నమాట అనుకుని, బిళ్ళను కోపంగా తన జేబులో వేసుకుంది.

క్యాబిన్‌లో వాసన మాత్రం తగ్గలేదు. ముల్లు పైకెక్కినప్పుడల్లా ఎక్కువయ్యేది. దుల్మా ఆ లెక్కను కూడా తన పద్ధతిలోనే కట్టింది: బండి కాగితే ఇతనికి కంగారు, కంగారు పుడితే ఒక గుక్క.

*

కనుమ ఎక్కుతుంటే గాలి నేరుగా మొహాన కొట్టింది. కాగుతోందని బొంత తీసేసి ఉన్నారు. ముల్లు ఎర్రగీత దాటి, ఇంక పోవడానికి చోటు లేక అక్కడే వణికింది. రేడియేటర్ మూతనుంచి ఆవిరి బుస్సుమంది. సంబూ ఇంజన్ ఆపేశాడు.

ఈసారి గొంబో పరిగెత్తినట్టే వచ్చాడు. ముందుకి కాదు, నేరుగా డ్రైవరు తలుపు దగ్గరికి.

"దిగరా."

సంబూ దిగాడు. దుల్మా అటువైపునుంచి దిగి బానెట్ పక్కన నిలబడింది. జుందుయ్ ఒక్క వేళాకోళం కూడా ఆడకుండా దూరంగా ఆగాడు.

"నిన్నటినుంచి చూస్తన్నా," అన్నాడు గొంబో. "నోరు తెరిచి నువ్వే చెబుతావని ఊరుకున్నా. ఇంజన్ని ఎర్రగీత దాకా పోనిచ్చి తోలేవాడు ఇద్దరే. ఒకడు గుడ్డాడు, రెండోవాడు తాగినోడు. నీ కళ్ళు బాగానే ఉన్నాయి. క్యాబిన్ తలుపు తీస్తే సారా కొట్టు తీసినట్టుంది. ఎవరు తాగారు?"

సంబూ చూపు క్షణంపాటు దుల్మా మీదికి వెళ్ళి, బూట్ల మీదికి దిగింది.

"అడుగుతున్నా నిన్నే. ఎవరు తాగారు?"

"నేనే అన్నా," అన్నాడు సంబూ.

దుల్మా రెండ్రోజులుగా అనుమానించిందే అయినా, అతని నోట ఆ మాట వింటాననుకోలేదు. ఏడుపు రాలేదు. ఆ చలిలో ఏడిస్తే రెప్పలు అంటుకుపోతాయి. మానేశానని తన చేతిలో చెయ్యేసి చెప్పిన మనిషి కదా ఇతను అనిపించింది.

"సరే," అన్నాడు గొంబో. గొంతులో కోపం పోయి అలసట వచ్చింది. "మెల్లగా సరిహద్దు దాకా లాక్కొద్దాం. అక్కడ తాళంచెవి నా చేతిలో పెట్టు. జుందుయ్ తమ్ముడు ఖాళీగా ఉన్నాడు, వాడు తోల్తాడు. నీ మీద నాకు కోపం లేదు సంబూ. కానీ లోడుబండి తాగినోడి చేతిలో పెట్టి, రేపు ఎవడి పెళ్ళానికో నేను సమాధానం చెప్పలేను."

సంబూ తలూపాడు. గొంబో అతని భుజం పట్టుకుని, వేడి టీ తాగుదువు రమ్మని తన బండి వైపు తీసుకుపోయాడు. ఉద్యోగం పీకేసిన మనిషికి టీ పొయ్యకపోవడం కూడా ఆ దారిలో లేదు. జుందుయ్ వెనకే వెళ్ళాడు.

"వదినా, నువ్వు కూడా రా."

"నాకొద్దు. మీరు పోండి."

*

ఆమె ఒక్కతే లారీ ముందు నిలబడింది. ఇంకొక రోజులో ఈ బండి తమది కాదు. ఈ సీటు, ఈ పొయ్యి, ఆ తిన్నటి దారి, ఏవీ ఉండవు. మొగుణ్ణి తిట్టుకోవాలని చూసింది గానీ, ముందు బండి మీద జాలేసింది. వేడిగా ఉన్న ఇంజన్ని అలా గాలికి వదిలేస్తే బిగుసుకుపోతుంది. లోపలికి పోయి స్టార్ట్ చేసి, బొంత తీసుకుని దిగింది. కాగే ఇంజన్‌కి బొంతేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ అనుకుంది. గొర్రెకు జ్వరమొచ్చినా ఆమె ఇదే చేసేది.

రేడియేటర్ ముందున్న ఇనుప జాలీ ఎత్తి తాళ్ళు దూర్చబోతూ ఆగింది.

గాలికి ఎగిరొచ్చిన సన్నటి మంచు రేడియేటర్ రెక్కల నిండా పట్టుకుంది. పైభాగంలో అది కరిగి, తడిసి, ఆవిరి కక్కుతోంది. కిందిభాగంలో కరగలేదు. నడుముకి గీత గీసినట్టు, పైన నలుపు, కింద తెలుపు. ఇప్పుడే ఉడికిపోయిన ఇంజన్‌కి ముందున్న రేడియేటర్ మీద మంచు తెల్లగా, పొడిగా కూర్చుని ఉంది.

తొడుగు తీసి పై గొట్టం ముట్టుకుంది. చురుక్కుమంది. మోకాళ్ళ మీద కూర్చుని, కిందినుంచి చెయ్యి దూర్చి కింది గొట్టం ముట్టుకుంది. ఇనుప కడ్డీలా బిగిసి, చల్లగా ఉంది. నొక్కితే లోపల ఏదో ఇసుకలా కరకరమంది.

పైన మరిగింది కిందికి దిగడం లేదు. కింద దారి మూసుకుపోయింది. అంటే లోపల గడ్డకట్టింది. చల్లారుతుందని బొంత తీసినప్పుడల్లా గాలి తగిలి ఇంకా గడ్డకట్టింది, ఇంకా కాగింది. బొంత కప్పి గోడ చాటున ఉన్న రాత్రంతా బుద్ధిగా ఉంది. అదంతా ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. అర్థం కానిది ఒకటే: నీళ్ళ చుక్క లేనప్పుడు, సారా గడ్డకట్టనిదైనప్పుడు, లోపల గడ్డకట్టిందేమిటి?

పానా తెచ్చి అడుగు బిరడా విప్పింది. ఏమీ కారలేదు. ఇనుప తీగ దూర్చి కెలికింది. తెల్లటి మంచుగుజ్జు ముద్దగా జారి ఆమె అరచేతిలో పడింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

తన తండ్రి గుడారం వాసన వచ్చింది. పొయ్యి మీద పెరుగు కాగే వేసవి వాసన.

దుల్మా అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది. రెండ్రోజులుగా క్యాబిన్‌లోకి కొడుతున్న వాసన ఇదే. పైన ఆవిరై మూతలోంచి బయటికొచ్చి, హీటరు గాలితో లోపలికి పోయింది. తాగింది లారీ. పోసింది తను. మరి ఆ మొద్దు మొగుడు నేనే తాగానని ఎందుకన్నాడు?

*

గొంబో బండి క్యాబిన్ తలుపు దబదబా బాదింది.

"గొంబో అన్నా! అందరూ దిగండి. దిగమంటున్నా!"

"ఏమైందమ్మా?"

ఆమె అరచెయ్యి ఆయన ముక్కు కింద పెట్టింది. గుజ్జు సగం కరిగి వేళ్ళమధ్యనుంచి కారుతోంది.

గొంబో వాసన చూశాడు. కనుబొమలు టోపీలోకి పోయాయి. "ఇది... పాలసారా కదూ?"

"మా నాన్న కాచింది. ఇతను తాగలేదు. చుక్క తాగలేదు. రేడియేటర్‌లో నేనే పోశాను."

తర్వాత దుల్మా అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది: రెండు చేతులతో ఇచ్చిన తండ్రి, పారబొయ్యకూడని పాలు, పేడ బస్తాల కింద కూలెంట్ డబ్బా. చెబుతున్నంతసేపూ మొగుడి మొహం చూడలేదు. మానేసిన మనిషిని నమ్మలేదని నలుగురిలో చెప్పాల్సి రావడమే అన్నింటికన్నా కష్టంగా ఉంది.

ముందు నవ్వింది జుందుయ్. నవ్వు కాదది, దగ్గు, ఎక్కిళ్ళు, అన్నీ కలిసిపోయి మంచులో కూలబడ్డాడు.

"అందుకేనా అది కనుమ దగ్గర ఊగింది! అన్నా, తాళంచెవి బండి దగ్గరే లాక్కో! తాగి రోడ్డెక్కింది అదే!"

"పోసేముందు ఆకాశానికి చిలకరించావా?" అనడిగాడు గొంబో, మొహం బిగబట్టి.

"చిలకరించాను."

"అయితే పద్ధతిగానే తాగింది," అని అన్నాడు గానీ, ఆ తర్వాత ఆయనకు కూడా నవ్వు ఆగలేదు.

సంబూ నవ్వలేదు. పెళ్ళాం వైపు వింతగా చూస్తున్నాడు, ఏదో బరువు దింపమని ఎవరో చెప్పినా ఇంకా దింపడం చేతకాని కూలీలాగా.

తర్వాతదంతా పని. ఇనుప బేసిన్‌లో ఎండుపేడ వెలిగించి రేడియేటర్ కిందికి తోశారు. చుట్టూ బొంత దించి, వేడి బయటికి పోకుండా గుడారంలా కట్టారు. మూడు బండ్ల టీ నీళ్ళూ కాచి కింది గొట్టం మీద పోశారు. చాలాసేపటికి లోపల గుళుక్కుమంది. బిరడానుంచి మొదట గుజ్జు, తర్వాత ధార.

"దీన్ని కూడా నేలమీద పొయ్యకూడదా వదినా?"

"డబ్బాలో పట్టు. కూలెంట్ కలిసింది, గొర్రెలు నాకితే చస్తాయి."

దుల్మా దాచిన డబ్బా తెచ్చింది. గొంబో ఒక డబ్బా, జుందుయ్ ఒక డబ్బా తమ బండ్లనుంచి తెచ్చారు. ఈసారి మూత దగ్గర ముగ్గురు మగాళ్ళు నిలబడి, పోసే ప్రతి డబ్బానీ వాసన చూశారు. జుందుయ్ రెండుసార్లు చూశాడు.

ఇంజన్ నడిచింది. బొంత కట్టారు, ఎర్ర పువ్వులు బయటికి కనపడేలా. కింది గొట్టం మెల్లగా వెచ్చబడటం దుల్మా అరచేతికి తెలిసింది. ముల్లు మధ్యకి వచ్చి ఆగింది. గాలి కొడుతున్నా కదల్లేదు.

గొంబో కోటు మడతలోంచి, ఎదుటివాడికి గౌరవంగా అందించే ముక్కుపొడి సీసా తీశాడు. మూత కాస్త సడలించి, కుడి అరచేతిలో పెట్టి, ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకుని సంబూకి అందించాడు. ఆయన తనకన్నా చిన్నవాడికి ముందుగా సీసా అందించడం గుంపులో ఎవరూ చూడలేదు. సంబూ రెండు చేతులతో అందుకుని, వాసన చూసి, తిరిగిచ్చాడు. ఇద్దరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

జుందుయ్ మాత్రం ఊరుకోలేదు. "అది సరే గానీ, తాగనోడివి తాగానని ఎందుకన్నావురా?"

"చలికి బుర్ర పనిచెయ్యలేదు," అన్నాడు సంబూ.

*

కనుమ దిగేసరికి గాలి వెనకపడింది. ఎండ వాలుగా అద్దంలో పడుతోంది. కొంత దూరం ఇద్దరూ ముల్లునే చూస్తూ కూర్చున్నారు.

"బుర్ర పనిచెయ్యక కాదు," అంది దుల్మా. "ఎందుకన్నావు?"

సంబూ గేరు మార్చాడు. అవసరం లేకుండానే ఇంకోసారి మార్చాడు.

"నిన్న పొయ్యిలోకి పేడ తీద్దామని వెళ్తే, టైరు వెనక డబ్బా కనపడింది. మూత తీస్తే మీ నాన్న సారా వాసన. ఖాళీ. క్యాబిన్‌లో వాసన. నేను తాగలేదని నాకు తెలుసు. ఇంక మిగిలిందెవరు?"

దుల్మాకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక సీటులో అతని వైపు పూర్తిగా తిరిగింది.

"నేనా?"

"మరేమనుకోమంటావు? నాతోపాటు ఈ బొగ్గులో, ఈ చలిలో పడి తిరుగుతున్నావు. పైకి చెప్పుకోలేని బాధేదో ఉండుంటుంది, నేను మానేశాక నువ్వు మొదలెట్టావు అనుకున్నా. గొంబో అన్న నలుగురిలో అడుగుతుంటే నీ పేరెలా చెప్పను? నేనెటూ పాత తాగుబోతునే. ఇంకోసారి అనిపించుకుంటే పోయిందేముంది."

"బండి పోయేది."

"పోతే పోయేది."

ఆమె కిటికీ వైపు తిరిగింది. పక్కన పరిగెడుతున్న మంచు మసకబారింది. వెచ్చటి క్యాబిన్‌లో కళ్ళు గడ్డకట్టే భయం లేదు గనక, ఆపుకోలేదు.

"అయితే పొద్దునే ఆ బంతన్..."

"నీకే. దాంతో దిగుతుందంటారు కదా."

"బండి తోలనివ్వంది?"

"తాగి తోలతానంటే ఒప్పుకుంటానా?"

దుల్మాకి ఏడుపులోనే నవ్వొచ్చింది. రెండు రోజులు తనను తాగుబోతుగా చూసి, దుప్పటి కప్పి, గంజి పోసి, ఒక్క మాట అనలేదు. తను ఇతని బూట్లు కూడా వెతికింది.

"నీ జేబులు వెతికాను," అంది మెల్లగా.

"చూశా. మందు దొరక్క వెతుక్కుంటోంది పాపం అనుకున్నా. అందుకే ఆ మిఠాయి బిళ్ళ పెట్టా, ఈసారి వెతికితే అదైనా దొరుకుతుందని. తిన్నావా?"

ఆమె జేబులో చెయ్యి పెట్టింది. బిళ్ళ అక్కడే ఉంది, ఒంటివేడికి కొంచెం మెత్తబడి. బంగారు కాగితం విప్పి నోట్లో వేసుకుంది. పాకం నాలుక మీదికి దిగింది.

ముందు గొంబో బండి, దాని వెనక జుందుయ్ బండి తిన్నటి దారిలోకి దిగాయి. ఎడమన కొండలు, కుడిన ఏమీ లేదు.

"పక్కకి ఆపు," అంది దుల్మా.

"మళ్ళీ ఏమైంది?" సంబూ కంగారుగా ముల్లు వైపు చూశాడు.

"దానికేం కాలేదు. జరుగు. నా వంతు."

సంబూ బండి ఆపి, అటువైపు జరిగాడు.